ఆ సున్నాను ముందు చెప్పు

కోలారు జిల్లా, మాలూరు తాలూకా, లక్కూరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, యూనివర్సిటీ గడప తొక్కాక ఇంగ్లీషు. ఇక్కడి పిల్లలు ఈ మూడింటి మధ్యే చదువుకుంటారు. ఆ ఊళ్లో ఒక మామకూ మేనకోడలికీ మధ్య నడిచిన వాదం ఇది. మామ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాడు. ఆయన తండ్రి కోలారు బంగారు గనుల్లో (కేజీఎఫ్) ఒకటైన చాంపియన్ రీఫ్ గనిలో దిగి పనిచేసిన మనిషి. మేనకోడలు బెంగళూరులో భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. డిపార్ట్‌మెంట్ సెమినార్లో ఆమె ఇరవై నిమిషాలు మాట్లాడాలి. ఎంచుకున్న విషయం కేజీఎఫ్ గనిలో జరిగిన న్యూట్రినో ప్రయోగం. న్యూట్రినో అంటే భూమిని కూడా దాటిపోగల సూక్ష్మకణం. వాదం మొదలయ్యేసరికి ల్యాప్‌టాప్‌లో 46 స్లైడ్లు ఉన్నాయి.

మామ: ఇరవై నిమిషాలకు నలభై ఆరు. ఒక్కోదానికి అర నిమిషం కూడా రాదు కదమ్మా.

మేనకోడలు: కొన్ని గబగబా తిప్పేస్తాను మామా. ఎవరైనా అడిగితే చూపించేదానికి ఉండాల.

మామ: అడిగితే చూపించేటివి చివర్లో దాచుకో. అడగకముందే అందరికీ ఏంటికి చూపించేది?

మేనకోడలు: నీకు ఆ గది సంగతి తెలీదు. ముందు వరసలో ప్రొఫెసర్లు కూర్చుంటారు. ఇంగ్లీషు గడగడా మాట్లాడే పిల్లలు రెండు బొమ్మలు చూపించి దిగిపోతే ‘బాగా చెప్పింది’ అంటారు. నేను అట్లే చేస్తే ‘ఈ అమ్మాయికి అంతే వచ్చు’ అంటారు. నేను ఎంత చదివినానో ఆ స్లైడ్లలో కనపడాల. నోటితో చూపించలేనిది కంటికైనా చూపించాల కదా.

మామ: నీ భయం నాకు అర్థమైంది. అది ఉత్త భయం కాదని కూడా తెలుసు. అయితే నువ్వు చేసే పని ఆ భయానికి మందు కాదు. నిండా అక్షరాలున్న స్లైడు పెట్టినావంటే వాళ్లు నీ మాట వినేది మానేసి చదివేదానికి మొదలుపెడతారు. సగం చదివేలోపల నువ్వు తిప్పేస్తావు. అప్పుడు వాళ్లకు మిగిలేది ఏమి? ‘ఆ మూడో సమీకరణంలో ఆ గుర్తు ఏమిటి’ అనే ప్రశ్న. నువ్వు ఆర్నెల్లు చదివినదాన్ని గురించి ఒక్కరూ అడగరు. సరే, అది మూసిపెట్టు. నీ సెమినార్ ఏమి చెప్తుంది? ఒక్క వాక్యంలో చెప్పు.

మేనకోడలు: కోలారు బంగారు గనుల్లో జరిగిన వాతావరణ న్యూట్రినో ప్రయోగం గురించి.

మామ: అది నోటీసు బోర్డులో వేసే పేరు. నేను అడిగింది నువ్వు ఏమంటున్నావు అని. ఎవరైనా లేచి ‘కాదు’ అనేదానికి వీలుండే మాట కావాల.

మేనకోడలు: కాదనేదానికి వీలుండేదా... 1965లో ఆ గనిలో శాస్త్రవేత్తలు న్యూట్రినోలను పట్టింది పెద్ద యంత్రం ఉండి కాదు, అంత నిశ్శబ్దమైన చోటు దొరికి.

మామ: ఇది మాట. ‘యంత్రానికేం తక్కువ’ అని ఎవరో ఒకరు లేస్తారు. లేవనీ, నీకు కావాల్సింది అదే. ఇప్పుడు చెప్పు, ఈ వాక్యం నలభై ఆరిట్లో యాడ ఉంది?

మేనకోడలు: యాడా లేదు.

అక్కడ ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇందులో ఆమె తప్పు వెతకడం నాకు ఇష్టం లేదు. మన విశ్వవిద్యాలయాల్లో సెమినార్‌కు మార్కులుంటాయి, తేదీ ఉంటుంది, హాజరు పట్టీ ఉంటుంది. ఎలా తయారుకావాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు మాత్రం అరుదు. సీనియర్ల స్లైడ్లు అడిగి తెచ్చుకుని, వాటి పద్ధతిలోనే తమవి నింపుకోవడం పిల్లలకు అలవాటైపోయింది. ఒక వాక్యంతో మొదలుపెట్టాలని చెప్పకపోతే వాళ్లకు మాత్రం ఎలా తెలుస్తుంది?

మామ: ఈ పట్టిక చూడు. అన్నిటికన్నా కింది వరసలో సున్నా ఉంది. పక్కన 8,400. ఏమిది?

మేనకోడలు: అది మ్యుయాన్ల లెక్క. పైన వాతావరణంలో కాస్మిక్ కిరణాలు గాలి అణువులను గుద్దుకుంటే మ్యుయాన్లు పుడతాయి. నేలమీద మన అరచేతిలో నుంచి సెకనుకు ఒకటి చొప్పున దూరిపోతుంటాయి. లోతుకు పోయేకొద్దీ రాయి వాటిని ఆపేస్తుంది. టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి భాభా పంపితే శ్రీకంఠన్ 1951 నుంచే కేజీఎఫ్‌లో దిగి వీటిని కొలిచినారు. 1960 దాటినాక మియాకె, నరసింహం, రమణమూర్తి ఇంకా లోతుకు దిగినారు. అన్నిటికన్నా లోతైన చోట సుమారు రెండు నెలలు యంత్రం పెట్టుకుని కూర్చుంటే ఒక్క మ్యుయాన్ కూడా రాలేదు. నేను నిశ్శబ్దం అన్నది దీన్నే.

మామ: ఆ చోటు 8,400 అడుగులా?

మేనకోడలు: కాదు కాదు. అడుగులు కాదు. లోతు 2,760 మీటర్లు. మన గని రాయి నీళ్లకంటే మూడింతలు బరువు కదా. ఆ రాయి అంతా నీళ్లయి ఉంటే ఎంత లోతవుతుందో ఆ లెక్క 8,400 మీటర్లు. వేరే వేరే గనుల రాళ్లను పోల్చేదానికి అట్ల రాస్తారు.

మామ: మా నాయన గనిని అడుగుల్లోనే చెప్పేవాడు. కేజీఎఫ్‌లో ఎవరైనా అంతే. నీ పట్టికలో పైన ‘లోతు’ అని ఉంది, కింద అంకె ఉంది, ప్రమాణం లేదు. నేను అడుగులనుకున్నాను. ఇంకొకరు మీటర్లనుకుంటారు. మీటర్లనుకున్న వాడు ‘అంత లోతు గని యాడుంది’ అని ఆలోచిస్తా కూర్చుంటాడు. ఆ లోపల నువ్వు నాలుగు స్లైడ్లు దాటిపోయింటావు.

మేనకోడలు: అంకె పక్కన ప్రమాణం రాస్తాను. అది తప్పే.

మామ: అంతకన్నా పెద్దది, ఆ సున్నా. దాన్ని పట్టిక అడుగున పూడ్చిపెట్టినావు. దాన్ని ముందు చెప్పు. ‘రెండు నెలలు కూర్చున్నారు, ఒక్కటి కూడా రాలేదు’ అంటే ఆ గదిలో ప్రతి ఒక్కడూ ‘అయితే?’ అంటాడు. ఆ ‘అయితే’ వచ్చినాక నువ్వు ఏమి చెప్పినా వింటారు.

మేనకోడలు: అక్కడే నాకు నచ్చనిది మామా. ‘ఒక్కటి కూడా రాలేదు’ అని నాటకంలో మాదిరి చెప్పి ఆపేస్తే అది అబద్ధానికి దగ్గర. సున్నా వచ్చిందంటే మ్యుయాన్లు లేవని కాదు. అంత విస్తీర్ణమున్న యంత్రం పెట్టి, అంత కాలం చూస్తే, సగటున మూడుకు మించి రావని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. అంతవరకే. సున్నాకు కూడా హద్దు ఉంటుంది. దాన్ని వదిలేసి చెప్తే స్టాటిస్టిక్స్ తెలిసినవాడు నన్ను అక్కడే పట్టుకుంటాడు. పట్టుకోవాల కూడా.

మామ: ఈ మాట ఏ స్లైడులో ఉంది?

మేనకోడలు: ఇది కూడా లేదు. సమీకరణం ఉంది. దాన్ని చూస్తే తెలుస్తుంది.

మామ: సమీకరణం చూసి ఎవరికీ తెలీదు, ముందే తెలిసినవాడికి తప్ప. నువ్వు ఇప్పుడు నాకు రెండు వాక్యాల్లో చెప్పినావే, అది నాకు తెలిసింది. అబద్ధం కాకుండానే తెలిసింది. ఆ సున్నా ఒక స్లైడు. దానికిందనే ఈ హద్దు ఒక వాక్యం. సమీకరణం చివర్లో దాచుకో.

మేనకోడలు: నువ్వు బడిపిల్లలకు చెప్పినట్ల చెప్పమంటున్నావు. ఇది రీసెర్చి సెమినార్. అక్కడికి వచ్చేవాళ్లందరికీ విషయం తెలుసు.

మామ: అందరికీనా? గదిలో ఎవరెవరుంటారో లెక్క చెప్పు.

మేనకోడలు: మా గైడు ఉంటారు. న్యూక్లియర్ వాళ్లు ఇద్దరు ముగ్గురు. మిగతావాళ్లు... కండెన్స్‌డ్ మ్యాటర్, ఆప్టిక్స్, నానో మెటీరియల్స్. ఎమ్మెస్సీ పిల్లలు కూడా వస్తారు, హాజరు వేస్తారు కాబట్టి.

మామ: అంటే నీ విషయం తెలిసినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. యూజీసీ 2022 నిబంధనల్లో కూడా, థీసిస్ ఇచ్చేముందు నువ్వు చేసే ప్రెజెంటేషన్ కమిటీకి ఒక్కదానికే కాదు, అధ్యాపకులందరికీ, మిగతా పరిశోధక విద్యార్థులకూ తెరిచి ఉండాలని రాసినారు. కమిటీకి మాత్రమే అర్థమయ్యేటట్టు మాట్లాడేదుంటే తలుపు తెరిచేది ఏంటికి? ఇంకొక మాట. ఆ న్యూక్లియర్ ప్రొఫెసర్ ఉన్నారే, వారికి తెలిసిన సంగతి నువ్వు తేటగా చెప్తే కోపం రాదు. నాకు తెలిసిందే ఈ పిల్ల ఎంత బాగా చెప్పిందని సంతోషపడతారు. తెలియనివాడికి అర్థం కాకుండా చెప్తేనే ఇద్దరికీ నష్టం.

మేనకోడలు: సరే, నీ దారిలోనే వస్తాను. గ్రాఫు ఏమి చేయమంటావు? లోతుకు మ్యుయాన్లు ఎట్ల తగ్గుతాయో చూపించేది.

మామ: లాగ్ స్కేలు తీసెయ్. ఎమ్మెస్సీ పిల్లలు కూడా దాన్ని చూసి తడబడతారు. మామూలు స్కేల్లో వెయ్.

మేనకోడలు: మామూలు స్కేల్లో వేస్తే ఏమవుతుందో చూపిస్తా ఉండు. (వేసి చూపిస్తుంది.) చూసినావా? మొదట నిలువు గోడ మాదిరి పడిపోయింది, తర్వాత అంతా నేలబారు గీత. నేలమీదినుంచి గని అడుగుకు పోయేలోపల మ్యుయాన్లు కోట్ల రెట్లు తగ్గుతాయి. నీ స్కేల్లో 1,000 మీటర్ల లోతుకూ 2,000 మీటర్లకూ తేడానే కనిపించదు. నాకు కావాల్సింది ఆ తేడానే. తేలిక చేసేదానికి పోయి అసలు సంగతిని చెరిపేస్తే ఎట్ల?

మామ: ఇది నిజం. లాగ్ స్కేలే ఉండనీ.

మేనకోడలు: ఉండనిస్తే చాలదు. దాన్ని చదవడం నేర్పిస్తాను. ‘అడ్డంగా లోతు. నిలువుగా మ్యుయాన్ల సంఖ్య. నిలువు గీతలో ఒక మెట్టు దిగితే పదో వంతు, రెండు మెట్లు దిగితే నూరో వంతు.’ అంతే, అర నిమిషం. ఆ అర నిమిషం నేను గ్రాఫులోని చుక్కల గురించి ఏమీ మాట్లాడను. వాళ్లు ఇరుసులు చదువుకున్నాకే మొదటి చుక్క దగ్గరికి పోతాను.

ఆమె చెప్పిన ఈ పద్ధతి చిన్నదే గాని సెమినార్లలో నేను చూసిన లోపాల్లో సగం ఇక్కడే పుడతాయి. మాట్లాడేవాడికి ఆ గ్రాఫు నెలల తరబడి పరిచయం. తెర మీదికి రాగానే ‘ఇక్కడ చూడండి, పెరుగుతోంది’ అనేస్తాడు. వినేవాళ్లు అప్పటికి ఏది దేనితో పెరుగుతోందో వెతుక్కుంటూ ఉంటారు. ఇరుసుల మీద అక్షరాలు చీమల్లా ఉంటే ఆ వెతుకులాట కూడా కుదరదు. పేపర్లోంచి తీసి అతికించిన గ్రాఫుల్లో ఇది మరీ ఎక్కువ. పేపరును చేతిలో పట్టుకుని చదువుతాం, తెరను గది చివరి బెంచీ నుంచి చూస్తాం. గ్రాఫును మళ్లీ గీయాలి. లావు గీతలు, పెద్ద అక్షరాలు, అవసరం లేని గీతలు తీసేసి. ఎవరి కొలతలో వాళ్ల పేరూ సంవత్సరమూ గ్రాఫు కిందనే వేయాలి. పసుపు, లేత ఆకుపచ్చ రంగులు మన ప్రొజెక్టర్ల మీద సరిగ్గా కనిపించవు. వెళ్లి ఆ గదిలోనే ఒకసారి వేసి చూసుకోవాలి.

మామ: మీ బెంగళూరులోనే జరిగింది చెప్తాను. 1928 ఫిబ్రవరి 28న రామన్‌కు ఆ కొత్త వెలుగు దొరికింది. మార్చి 16న సెంట్రల్ కాలేజీలో, దక్షిణ భారత సైన్సు సంఘం సభలో దాన్ని గురించి మాట్లాడినాడు. ఆ ప్రసంగం అచ్చులో ఉంది. మొదటి వాక్యంలోనే, ఈ సాయంత్రం కొత్త రకం వికిరణం గురించి చెప్పబోతున్నానని చెప్పేసినాడు. దాని విలువ తెలియాలంటే కలకత్తాలో జరిగిన పనుల చరిత్ర కావాలి కాబట్టి అది చెప్తానని ఆ తర్వాతనే పాత కథలోకి పోయినాడు. నువ్వేమి చేసినావు? పది స్లైడ్లు కాస్మిక్ కిరణాల చరిత్ర, తర్వాత యంత్రం, తర్వాత పద్ధతి. న్యూట్రినో కనపడేలోపల పదిహేను నిమిషాలు అయిపోతాయి.

మేనకోడలు: రామన్ కాబట్టి విన్నారు మామా. మొదటి వాక్యం ఏదైనా వినేవాళ్లే.

మామ: రామన్ అయినా మొదట సంగతి చెప్పినాకే చరిత్రకు పోయినాడు కదా. మనలాంటివాళ్లకు ఆ అవసరం ఇంకా ఎక్కువ.

మేనకోడలు: అది ఒప్పుకుంటాను. అయితే ఇంగ్లీషు సంగతి ఏమి చేయాల? నేను అంతా రాసుకుని బట్టీ పట్టినాను. మధ్యలో ఒక మాట మర్చిపోతే అంతా ఆగిపోతుంది. పోయిన ఏడాది కోర్సు వర్కు సెమినార్లో అదే అయింది.

మామ: మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం మాత్రమే బట్టీ పట్టు. గుండె దడగా ఉండేది అప్పుడే కాబట్టి. మిగతాది ఒకసారి మీ అత్తకు తెలుగులో చెప్పు.

మేనకోడలు: తెలుగులో నాకు బాగానే వస్తుంది. ఇంగ్లీషులో రాకపోతే తెలుగులో చెప్పి ఏమి లాభం?

మామ: తెలుగులో కూడా యాడో ఒకచోట ఆగుతావు. అక్కడ నీకు ఫిజిక్సు రాలేదని అర్థం. తెలుగులో ఆగకుండా ఇంగ్లీషులో మాత్రమే ఆగిన చోట భాష రాలేదని అర్థం. ఇప్పుడు నీకు రెండూ కలిసిపోయి ఉన్నాయి. అంతా ఇంగ్లీషు తప్పే అనుకుంటున్నావు. విడదీసి చూడు. భాష చిక్కు పది పదాలు పలికి నేర్చుకుంటే పోతుంది. ఇంకొకటి పుస్తకం తెరిస్తేగాని పోదు.

అత్తను పిలిచారు. ఆమె చిక్కుడుకాయలు వలుస్తూ విన్నది. అమ్మాయి పది నిమిషాలు నిరాటంకంగా చెప్పింది. ‘యంత్రాన్ని నిలువు గోడల మాదిరి కట్టినారు’ అన్న దగ్గర అత్త ‘ఏంటికి? అన్నీ పైనుంచే కదా వస్తాయంటివి’ అని అడిగింది. అమ్మాయి ఆగిపోయింది. తెలుగులోనే.

మామ: చూసినావా. నువ్వు బట్టీ పట్టిన ఇంగ్లీషులో ఆ వాక్యం సాఫీగా పోయేది. ఎవరూ అడగకపోతే నీకు తెలీదని నీకూ తెలిసేది కాదు.

మేనకోడలు: ఉండు, చెప్తాను. న్యూట్రినో ప్రయోగం పెట్టింది 7,600 అడుగుల మట్టంలో, 2.3 కిలోమీటర్ల లోతు. అక్కడ కూడా పైనుంచి అరుదుగా మ్యుయాన్లు దిగుతాయి. అవి దాదాపు నిలువుగా దిగేవే. పక్కనుంచి రావాలంటే ఎన్నో రెట్లు ఎక్కువ రాయి దాటి రావాల, దాటలేవు. న్యూట్రినోకు రాయి అడ్డం కాదు, భూమి అవతలి వైపు నుంచి కూడా వస్తుంది. అది మన యంత్రం దగ్గరి రాతిలో తగిలి మ్యుయాన్‌ను పుట్టిస్తే, ఆ మ్యుయాన్ పక్కనుంచి రావచ్చు. కాబట్టి పక్కనుంచి వచ్చిందాన్ని పట్టేదానికి ఎదురెదురుగా రెండు నిలువు గోడలు. ప్లాస్టిక్ సింటిలేటర్లు మ్యుయాన్ వచ్చిందని చెప్తాయి. మధ్యలో నియాన్ ఫ్లాష్ ట్యూబులు ఏ వాలులో వచ్చిందో గీత చూపిస్తాయి. అత్తా, అర్థమైందా? పైనుంచి వచ్చేది అనుమానం, పక్కనుంచి వచ్చేది న్యూట్రినో.

అత్త తల ఊపింది. ఆ చివరి వాక్యం ఆమె స్లైడ్లలో లేదు. ఇప్పుడు అదే ఒక స్లైడుకు శీర్షికగా ఎక్కింది. ‘ప్రయోగ పరికరాలు’ అని అంతకుముందున్న శీర్షిక పోయింది.

ఇక్కడిదాకా మామ మాటే నెగ్గుతున్నట్టు కనిపిస్తుంది. మేనకోడలి అసలు అభ్యంతరం ఇంకా రాలేదు. అది నాకు చాలా విలువైనదిగా తోచింది.

మేనకోడలు: తేటగా చెప్పేదాంట్లో ఒక ప్రమాదం ఉంది మామా. తేటగా చెప్తే నిజమనిపిస్తుంది. అదే గనిలో 1980లో ప్రోటాన్ క్షయం కోసం 140 టన్నుల యంత్రం పెట్టినారు. ప్రోటాన్ అయినా ఏదో ఒకనాడు విచ్ఛిన్నం కావాలని సిద్ధాంతం చెప్పింది. మనవాళ్లకు కొన్ని సంఘటనలు కనిపించినాయి. ఇవి ప్రోటాన్ క్షయం అయ్యుండొచ్చు అని 1981లో అచ్చేసినారు. ఆ తర్వాత అమెరికాలో ఐఎంబీ, జపాన్‌లో కమియోకండే ఇంకా పెద్ద యంత్రాలతో వెతికితే ఏమీ దొరకలేదు. ప్రోటాన్ ఆయుర్దాయం అంతకంటే చాలా ఎక్కువని తేలింది. కథగా చెప్తే ఆ మూడు నాలుగు బొమ్మలు ఎంత బాగుంటాయో! గది అంతా నమ్మేస్తుంది. కానీ ఆ సంఘటనలు న్యూట్రినోల వల్ల కూడా వచ్చుంటాయనే లెక్క చెప్పకపోతే అది మోసం. ఆ లెక్క చెప్తే కథ నెమ్మదిస్తుంది. నువ్వు చెప్పే పద్ధతిలో అనుమానానికి చోటు యాడ?

మామ: అనుమానానికి పెద్ద చోటే ఉండాల. నేను తీసెయ్యమన్నది అనుమానాన్ని కాదు, గజిబిజిని. నలభై ఆరు స్లైడ్లలో నీ అనుమానం కూడా కనపడలేదు కదా. ముప్పై ఎనిమిదో స్లైడులో చిన్న అక్షరాల్లో ఉంది. అక్కడ పెట్టి నువ్వు చెప్పినట్టు లెక్క రాసుకోవచ్చు, విన్నవాళ్లు మాత్రం లేరు. నువ్వు తప్పు చేసి ఉంటే ఎవరైనా పట్టాలంటే నువ్వు ఏమన్నావో వాళ్లకు అర్థం కావాల. అర్థం కానిదాన్ని ఎవరూ ఖండించలేరు.

మేనకోడలు: అట్లయితే అనుమానానికే ఒక స్లైడు. ‘ఇది న్యూట్రినో కాకపోతే ఇంకేమై ఉంటుంది?’ అని. దాంట్లో మూడు కారణాలు, ఒక్కోదాన్ని ఎట్ల తోసిపుచ్చినారో. దీనికి నాలుగు నిమిషాలు కావాల. యంత్రం వర్ణన తగ్గించుకుంటాను.

మామ: పెట్టు. చివర్లో మాత్రం మనవాళ్ల గొప్ప చెప్పు. లోకంలో వాతావరణ న్యూట్రినోను మొట్టమొదట చూసింది మన కోలారు గనిలోనే అని.

మేనకోడలు: అది నేను చెప్పను.

మామ: ఏంటికి? నిజమే కదా?

మేనకోడలు: సగం నిజం. దక్షిణాఫ్రికాలో ఈస్ట్ రాండ్ బంగారు గనిలో రైన్స్ బృందం కూడా అదే పని చేస్తా ఉండింది. వాళ్ల మొదటి సంఘటన 1965 ఫిబ్రవరి 23న నమోదైంది, అది మనవాళ్లకంటే ముందు. మనవాళ్ల పేపరు పత్రికకు జూలై 12న చేరింది, వాళ్లది జూలై 26న. మనది ఆగస్టు 15న అచ్చయింది, వాళ్లది ఆగస్టు 30న. ముందు చూసింది వాళ్లు, ముందు ప్రకటించింది మనవాళ్లు. ఇది చెప్పేదానికి పావు నిమిషం చాలు. ‘మొట్టమొదట మనమే’ అంటే చప్పట్లు వస్తాయి, నిజమే. ఒక్కరికి ఆ తేదీలు తెలిసున్నా నా మిగతా మాటలన్నీ నమ్మేది మానేస్తారు. పైగా మన పేపరు మీద టాటా ఇన్‌స్టిట్యూట్‌తో పాటు ఒసాకా, డర్హమ్ విశ్వవిద్యాలయాల వాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. మనదే అని లాక్కునేది ఎట్ల?

మామ: (కొంచెంసేపు ఆగి) ఆ గనిలో పనిచేసినవాడి కొడుకును కదా నేను. ఆ మాట వినాలని ఉంటుంది. సరే, నువ్వు చెప్పిందే చెప్పు. తేదీలతో చెప్పు.

మామ ఆగిన ఆ కొంచెంసేపు ఈ వాదానికంతా కీలకమని నాకనిపించింది. తేటగా చెప్పమని మొదటినుంచీ పట్టుబట్టినవాడు, తనకు ప్రియమైన చోట తేలికైన మాటనే కోరుకున్నాడు. ఆపింది మేనకోడలు. ఆమె గట్టిగా పట్టుకున్న ఖచ్చితత్వం లేకపోతే మామ పద్ధతి చప్పట్ల దగ్గర ఆగిపోయేది.

మామ: ప్రశ్నల సంగతి చూద్దాం. ఎవరైనా అడిగితే ఏమి చేస్తావు?

మేనకోడలు: వెంటనే జవాబు చెప్తాను.

మామ: వెంటనే వద్దు. ముందు ప్రశ్నను నీ మాటల్లో మళ్లీ చెప్పు. వెనక బెంచీవాళ్లకు వినపడుతుంది, నువ్వు సరిగ్గా అర్థం చేసుకున్నావో లేదో తెలుస్తుంది, నీకు ఊపిరి కూడా దొరుకుతుంది. తెలీకపోతే?

మేనకోడలు: తెలీదని ఎట్ల చెప్పేది? గైడు ముందర.

మామ: ‘ఇది నేను చూడలేదు, ఫలానా విధంగా చూడొచ్చు’ అను. రెండో సగం లేకుండా మొదటి సగం చెప్పొద్దు. మొదటి సగం దాచి రెండో సగం అల్లొద్దు. ప్రశ్నలకు ఐదు నిమిషాలైనా మిగలాల. అంటే పదిహేను నిమిషాల్లో ముగించు.

మేనకోడలు: ఇరవై ఇచ్చినారు మామా!

మామ: ఇరవై నిమిషాలు నీవి కాదు, ఆ గదివి. వాళ్లకూ మాట్లాడే వేళ ఉండాల.

మేనకోడలు: పదిహేనులో అన్నీ పట్టవు. పదహారు, పదిహేడు.

ఈ ఒక్కచోట రాజీ కుదరలేదు. గడియారం పెట్టుకుని, నిలబడి, గొంతెత్తి రెండుసార్లు చెప్పి చూసింది. రెండోసారికి పదహారున్నర నిమిషాలు పట్టింది. మామ ఇంకా ఎక్కువే అన్నాడు. ఆమె ఇంతకన్నా తగ్గించనంది. స్లైడ్లు 46 నుంచి 13కు దిగాయి. ఒక్క సమీకరణం మిగిలింది. మరో ఇరవై దాకా చివర్లో దాచుకుంది, ఎవరైనా అడిగితే తీయడానికి. మొదటి స్లైడులో పెద్ద సున్నా, దాని కింద ‘2,760 మీటర్లు, సుమారు రెండు నెలలు’.

అది అవ్వగానే మామ ఇంకొకటి అడిగాడు. ఒకే ఒక గ్రాఫుతో లోకం నమ్మిన ప్రసంగం ఏదైనా ఉందా అని. ఆమె 1998 జూన్‌లో జపాన్‌లోని తకయామాలో కజిత చేసిన ప్రసంగం చెప్పింది. సూపర్ కమియోకండే యంత్రంలో, వాతావరణంలో పుట్టి పైనుంచి వచ్చే మ్యుయాన్ న్యూట్రినోలకంటే భూమి అవతలినుంచి పైకి వచ్చేవి దాదాపు సగమే ఉన్నాయని ఆ గ్రాఫు చూపించింది. దారిలో అవి రూపం మార్చుకుంటున్నాయి, అంటే వాటికి ద్రవ్యరాశి ఉంది. 2015లో ఆయనకు నోబెల్ వచ్చింది. కేజీఎఫ్‌లో 1965లో చూసిన న్యూట్రినోలు కూడా అలా వాతావరణంలో పుట్టినవే. కేజీఎఫ్ ప్రయోగాలు 1992లో ఆగిపోయాయి. గని 2001 ఫిబ్రవరి 28న మూతపడింది.

అధ్యాపకులకు నా విన్నపం ఒకటుంది. మీ దగ్గర పరిశోధన చేసే పిల్లలు చాలామంది లక్కూరు లాంటి ఊళ్లనుంచి, ఇంటి భాష వేరై వస్తున్నారు. సెమినార్ తేదీకి వారం ముందు ఒక గంట కేటాయించి, ఖాళీ గదిలో వాళ్లను నిలబెట్టి పూర్తిగా వినండి. మధ్యలో ఆపకండి. అయిపోయాక ‘నువ్వు ఏమంటున్నావు? ఒక్క వాక్యంలో చెప్పు’ అని అడగండి. ఆ వాక్యం దొరికేదాకా కూర్చోండి. లక్కూరులో ఆ అమ్మాయికి ఒక మామ ఉన్నాడు, అందరికీ ఉండడు.